పట్టేసిన బోల్టు, పాతబడిన పోత: ఔట్‌బోర్డ్ మోటారు విప్పడంలో కాపాడవలసింది దేనిని?

పడవ వెనుక తగిలించే పాత ఔట్‌బోర్డ్ మోటారును బాగుచేయడంలో అసలు మరమ్మతు కన్నా దాని దగ్గరకు చేరడమే పెద్ద పని. ఇంజనును చల్లబరిచే నీటిని పైకి తోడే పంపులో రబ్బరు ఇంపెల్లరు, అంటే నీటిని తోసే రెక్కల చక్రం, మార్చడానికి కొద్ది నిమిషాలు చాలు. కాని ఆ పంపు కంటికి కనబడాలంటే అడుగున ఉన్న గేరుపెట్టెను మోటారు కాలు (ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య ఉండే నిలువు భాగం) నుంచి విడదీసి దించాలి. దించడానికి మోటారును బట్టి నాలుగు నుంచి ఆరు బోల్టులు విప్పాలి. వాటిలో ఒక్కటి మొరాయించినా మిగిలినవి విప్పిన శ్రమ అక్కరకు రాదు. సిలిండర్ల పైభాగంలో నీటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మూతను పట్టి ఉంచే చిన్న బోల్టులదీ ఇదే వరస. ఈ భయం చేతనే చాలామంది ఇంపెల్లరును ఏళ్ల తరబడి ముట్టుకోరు. అది గట్టిపడి, రెక్కలు విరిగి, నీరు అందక ఇంజను వేడెక్కి పట్టేసిన తరువాత మరమ్మతు ఎలాగూ తప్పదు, అప్పుడు విప్పవలసిన బోల్టులు ఇంకా ఎక్కువ.

బోల్టు ఎందుకు పట్టేస్తుందో తెలియకుండా దానిని ఎలా విప్పాలో నిర్ణయించడం గుడ్డి పని. ఔట్‌బోర్డ్ మోటారులో ఇంజను దిమ్మ మొదలుకొని గేరుపెట్టె దాకా ప్రధాన భాగాలన్నీ దాదాపుగా అల్యూమినియం మిశ్రమంతో పోత పోసినవే. వాటిని కలిపి ఉంచే బోల్టులు ఎక్కువగా స్టెయిన్‌లెస్ ఉక్కువి. ఒకదానినొకటి తాకుతున్న ఈ రెండు లోహాల నడుమ ఉప్పునీరు చేరితే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు మూడున్నర శాతం ఉంటుంది కనుక కరెంటు ప్రవాహానికి అడ్డు ఉండదు. ఆ బ్యాటరీలో అరిగిపోయే ధ్రువం అల్యూమినియం, చెక్కుచెదరకుండా నిలిచేది స్టెయిన్‌లెస్. అందుకే ఎంతో కష్టపడి బయటికి తీసిన బోల్టు చాలాసార్లు మెరుస్తూనే ఉంటుంది, దాని మీది మరల (మెలిక గాడుల) మధ్య మాత్రం తెల్లని పిండి గట్టిగా కూరుకుపోయి కనిపిస్తుంది. ఆ పిండి ఒకప్పుడు బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియమే. లోహం హైడ్రాక్సైడుగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు సుమారు మూడు రెట్లవుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు గుమ్మంలో బిగుసుకుపోయినట్లే, రంధ్రంలో పెరగడానికి చోటు లేని ఈ పిండి బోల్టును అన్ని వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటుంది.

మంచినీటి చెరువుల్లో తిరిగిన మోటారుకూ సముద్రంలో తిరిగిన మోటారుకూ ఇక్కడే తేడా వస్తుంది. ఉత్తర అమెరికా లోతట్టు సరస్సుల్లో పనిచేసిన యాభై ఏళ్ల నాటి మోటారు బోల్టులు మామూలు పానాతో విడివడుతుంటే, ఉప్పునీటిలో పదేళ్లు గడిపిన మోటారు ఒక్క బోల్టును కూడా తేలికగా వదలదు. ఆంధ్ర తీరంలో ఫైబరు పడవలను వేట ముగిశాక ఇసుక మీదికి లాగి ఉంచే చోట మోటారు లోపలి నీటి దారుల్లో మంచినీరు తిప్పే వసతి అన్నిసార్లూ దొరకదు. లోపల ఆరిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటూ పడవ ఒడ్డున ఉన్న రోజుల్లో కూడా తన పని తాను చేసుకుపోతుంది.

బోల్టు పట్టేసే చోట్లు రెండు. ఈ సంగతిని గుర్తించకపోవడం వల్లనే ఎక్కువ బోల్టులు తెగుతాయి. మొదటిది అందరూ ఊహించే చోటు, అంటే రంధ్రం అడుగున ఉన్న మరలు. రెండవది మూతలో గాని, కాలు అంచులో గాని మరలు లేని రంధ్రం గుండా దూరి వచ్చే బోల్టు నున్నని ఒడలు. ఆ రంధ్రం బోల్టు కన్నా కొద్దిగా పెద్దది, ఆ సందులోనే నీరు నిలుస్తుంది, అక్కడే తెల్లపిండి గొట్టంలా పేరుకుంటుంది. గేరుపెట్టె బోల్టులు పొడవైనవి కనుక ఒడలు పట్టేసిన కేసులు వాటిలో చాలా ఎక్కువ. మరలు శుభ్రంగానే ఉన్నా ఒడలు కదలక తల తెగిపోతుంది, పనివాడేమో మరల మీద నూనె పోస్తూ కూర్చుంటాడు. యమహా, మెర్క్యురీ మోటార్లు చాలావాటిలో ఒక బోల్టు ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న రెక్క వెనుక దాగి ఉంటుంది. దానిని చూడకుండా గేరుపెట్టెను సందుల్లో గునపం పెట్టి లాగితే విరిగేది పోత అంచు. అందువల్ల ఆ మోటారు సర్వీసు పుస్తకంలో బోల్టులు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది చూశాకే పానా పట్టుకోవడం మేలు.

బలం ఎంత వాడవచ్చు అన్నదానికి కచ్చితమైన లెక్క ఉంది. స్టెయిన్‌లెస్ బోల్టుల్లో సర్వసాధారణమైన ఏ2-70 తరగతికి చెందిన 6 మిల్లీమీటర్ల బోల్టుకు ప్రమాణాలు ఇచ్చే హామీ సుమారు 13 న్యూటన్-మీటర్ల మెలి వరకే. 8 మిల్లీమీటర్లదానికి 32, 10 మిల్లీమీటర్లదానికి 65. పావు మీటరు పొడవున్న పానా చివర 13 న్యూటన్-మీటర్లంటే అయిదు కిలోల పైచిలుకు బలం మాత్రమే. మణికట్టుతో కాస్త గట్టిగా నొక్కితే అంతకన్నా ఎక్కువే వస్తుంది. థర్మోస్టాట్ మూత బోల్టులు చాలా మోటార్లలో 6 మిల్లీమీటర్లవే కనుక, అవి తెగడానికి పనివాడి మొరటుతనం అక్కరలేదు, మామూలు పానాతో మామూలు ఒడుపు చాలు. పానాకు గొట్టం తొడిగి పొడవు పెంచడం ట్రాక్టరు చక్రాల దగ్గర పనికొస్తుందేమో గాని ఇక్కడ పనికిరాదు.

తెగబోయే బోల్టు ముందుగానే చెబుతుంది. కదలవలసిన బోల్టు చిన్న టిక్కుమన్న శబ్దంతో ఒక్కసారిగా వదులుతుంది. కదలనిది పానాతోపాటు కొద్దిగా తిరిగి, చేయి వదలగానే వెనక్కి వస్తుంది. అంటే తల తిరుగుతున్నది, అడుగు తిరగడం లేదు, మధ్యలో లోహం మెలిపడుతున్నది. ఇంకా ముందుకు పోతే ఆ సాగుడు మెత్తబడుతుంది, తల తిరిగినా ఎదురుబలం పెరగదు. ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణంలో ఆపగలిగినవాడే ఈ పనిలో నేర్పరి. ఒక దిశలోనే లాగకుండా ముందుకు కాస్త బిగించి, వెనక్కి కాస్త వదిలించి, మళ్లీ ముందుకు తిప్పుతూ ఉంటే పిండి నలిగి చోటు ఇస్తుంది. అది కదిలిన తరువాత కూడా ఒక్క ఊపున విప్పేయడం ప్రమాదమే, ఎందుకంటే నలిగిన పిండి మరల ముందు పేరుకుని మధ్యదారిలో మళ్లీ బిగుసుకుంటుంది. అర్ధ చుట్టు వదిలించి, నూనె వేసి, పావు చుట్టు బిగించి తీయడం నిదానమైన పని, అయినా బోల్టు ముక్క కాకుండా వస్తుంది.

పానా వేసే ముందు తల చుట్టూ రంగును, ఉప్పును వైరు బ్రష్‌తో గీకి, పన్నెండు మూలల సాకెట్టును పక్కన పెట్టి ఆరు మూలలదాన్ని సుత్తితో తట్టి కూర్చోబెట్టాలి. బోల్టు తల నడిమధ్య మీద సూటిగా కొట్టే నాలుగైదు గట్టి దెబ్బలు పిండిని పగలగొడతాయి. తల మీద సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు ఆ దెబ్బనూ మెలినీ ఒకేసారి ఇస్తుంది కనుక చిన్న స్క్రూలకు దాన్ని మించినది లేదు. కొట్టేటప్పుడు అడుగున పోతకు ఆధారం ఉందో లేదో చూసుకోవాలి. ఆధారం లేని చెవి (బోల్టు కూర్చోవడానికి పోతలో బయటికి పొడుచుకువచ్చిన భాగం) మీద పడిన దెబ్బకు చెవే ఊడిపోతుంది.

లోపలికి దిగే నూనెల మీద చాలామందికి ఉన్న నమ్మకం వాటి శక్తికి మించినది. డబ్ల్యూడీ-40 మొదట తేమను తరిమే ద్రవంగానే పుట్టింది, ఆ పేరులోని అక్షరాలకు అర్థమూ అదే. ఆటోమాటిక్ గేర్లలో పోసే నూనెను అసిటోన్‌తో సగంసగం కలిపి వాడే పాత చిట్కా సన్నని సందుల్లోకి బాగా దిగుతుంది, కాకపోతే దానికి నిప్పు దగ్గరలో ఉండకూడదు. వీటిలో ఏదీ అల్యూమినియం హైడ్రాక్సైడును కరిగించదు. ఇనుప తుప్పు పొరలు పొరలుగా ఉండి నూనెకు దారి ఇస్తుంది, ఈ తెల్లపిండి సున్నంలా గట్టిపడి దారి మూసేస్తుంది. రాత్రంతా నానబెట్టినా నూనె పై రెండు మూడు మరలు దాటకపోవడం మామూలే. నూనె పోయడం మానమని కాదు, కదలిక మొదలైన తరువాత రాపిడి తగ్గించడానికి అది అవసరమే. కదలికను మొదలుపెట్టే బాధ్యతను మాత్రం దాని మీద వేయకూడదు.

ఆ బాధ్యత వేడిది. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి పది లక్షల వంతుల్లో 23 వంతులు పెరిగితే, స్టెయిన్‌లెస్ సుమారు 17 వంతులు పెరుగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం చుట్టూ పోతను 150 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం మిల్లీమీటరులో వెయ్యింట 27 వంతులు వెడల్పవుతుంది. బోల్టు కూడా అంతే వేడెక్కితే అది 20 వంతులు లావవుతుంది, కాబట్టి మిగిలే లాభం ఏడు వంతులే. బోల్టు చల్లగా ఉండగానే తిప్పగలిగితే లాభం దాదాపు మొత్తం దక్కుతుంది. స్టెయిన్‌లెస్‌లో వేడి చాలా నెమ్మదిగా ప్రసరిస్తుంది, పోత అల్యూమినియంలో అంతకు ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది. కనుక మంటను తల మీద కాక రంధ్రం చుట్టూ ఉన్న పోత మీద తిప్పుతూ, వేడి అందిన వెంటనే పానా వేయడం సరైన వరస. చాలామంది దీనికి తలకిందులుగా బోల్టు తలనే ఎర్రగా కాలుస్తారు. అప్పుడు బోల్టు లావై పిండిని మరింత నొక్కుతుంది. ఆ పద్ధతికీ ఒక ప్రయోజనం లేకపోలేదు, నలిగిన పిండి బోల్టు చల్లారాక కొంత వదులవుతుంది. కాని అది చల్లారే దాకా ఆగితేనే ఆ ఫలితం. ఏ పద్ధతి వాడినా ఒకసారి వేడి చేసి ఊరుకోకుండా నాలుగైదు సార్లు వేడి చేసి చల్లార్చడం వల్ల పిండి పట్టు సడలుతుంది. వేడిగా ఉన్నప్పుడు అంచున కొవ్వొత్తి మైనం తాకిస్తే అది కరిగి సందులోకి పారుతుంది.

వేడికి హద్దులు ఉన్నాయి. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది, పోతల్లో వాడే మిశ్రమాలు అంతకన్నా ముందే మెత్తబడతాయి, పైగా ఇనుములా ఎర్రబడి హెచ్చరించే గుణం ఈ లోహానికి లేదు. నిన్నటిదాకా గట్టిగా ఉన్న చెవి ఒక్క క్షణంలో కుంగిపోతుంది. నీటి చుక్క వేస్తే చురచురలాడి ఎగిరిపోయే వేడి దగ్గర మొదలుపెట్టి, రంగు పొంగి గోధుమరంగుకు తిరిగే వేడి దగ్గర ఆపితే చాలు. దగ్గరలో ఉన్న ఆయిల్ సీళ్లు, రబ్బరు మౌంటులు అంతకన్నా ముందే పాడవుతాయి కనుక వాటిని ఎలాగూ మార్చబోతున్నప్పుడే మంటకు చోటు, లేదంటే వేడిగాలి గన్ను మేలు. ట్యాంకు తీసి, కార్బురేటరులోని పెట్రోలు పూర్తిగా వంచి, పని ఆరుబయట పెట్టుకోవడం అన్నిటికన్నా ముందు చేయవలసినది.

ఇంత చేసినా బోల్టు కదలనప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఆర్థికమైనది. బోల్టు కొత్తది ఎక్కడైనా దొరుకుతుంది. పోత దొరకదు. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లను తయారుచేసిన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది, దాని తరువాత ఆ పేరును నిలిపిన బొంబార్డియర్ రిక్రియేషనల్ ప్రొడక్ట్స్ సంస్థ 2020లో ఎవిన్‌రూడ్ తయారీని ఆపేసింది. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకం మొదలుపెట్టిన ఆ వరసలోని పాత మోటార్లకు ఇప్పుడు గేరుపెట్టె గాని కాలు గాని కావాలంటే మరో పాత మోటారును ముక్కలు చేసినవాళ్ల దగ్గర వెతకవలసిందే. కనుక కదలని బోల్టును మెలిపెట్టి, తెగే దాకా చూసి, ఎక్కడ తెగితే అక్కడ సరిపెట్టుకోవడం తెలివైన పని కాదు. అది సాధారణంగా పోత ఉపరితలానికి సమానంగానో, ఇంకా లోపలో తెగి అందకుండా పోతుంది. అంతకన్నా ముందే, లోహం ఇంకా మెలిపడకుండా ఉన్నప్పుడే, తలను డ్రిల్లుతో కావాలని తీసేయడం మంచిది. తల పోగానే మూతను పట్టి ఉంచే బలం పోతుంది, మూతను వేడిచేసి మెల్లగా తట్టి పైకి లాగితే బోల్టు ఒడలు నిటారుగా నిలబడి మిగులుతుంది. ఇప్పుడు ఒడలు పట్టు పోయింది, మరల పట్టు ఒక్కటే మిగిలింది, పట్టుకోవడానికి సెంటీమీటరో రెండో పొడవు ఉంది. ఆ పొడవును వైస్ గ్రిప్పుతో (బిగించి ఉంచే పట్టకారుతో) పట్టి, అడుగున పోతను వేడిచేసి, ముందుకూ వెనక్కూ కదిపితే చాలా సందర్భాల్లో బోల్టు వస్తుంది.

పట్టు చిక్కనంత పొట్టి ముక్క మిగిలితే దాని మీద ఒక నట్టు పెట్టి లోపల వెల్డింగు చేయడం మంచి మార్గం. ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అతుక్కోదు కనుక చుట్టూ పోతకు పెద్దగా నష్టం ఉండదు, వెల్డింగు వేడి బోల్టు మధ్యలోంచే పుడుతుంది కనుక పిండి లోపలి నుంచి నలుగుతుంది. నట్టు ఎర్రదనం తగ్గి, చేయి పెట్టలేనంత వేడిలో ఉండగానే తిప్పి చూడాలి. మొదటిసారి నట్టు ఊడివస్తే మళ్లీ వేయాలి, నాలుగోసారికి వచ్చినా అది డ్రిల్లు కన్నా చౌకే.

డ్రిల్లు చివరి దారి. స్టెయిన్‌లెస్ ఒరుసుకుంటే గట్టిపడే లోహం. వేగంగా తిరిగే బిట్టు ఒక్క క్షణం కోయకుండా రుద్దితే అక్కడ ఏర్పడే గట్టి పొర తరువాత బిట్టును ముందుకు పోనివ్వదు. కనుక కోబాల్టు బిట్టు, తక్కువ వేగం, గట్టి ఒత్తిడి, నూనె కావాలి. అంతకన్నా పెద్ద చిక్కు దిశది. తెగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, పక్కన ఉన్న అల్యూమినియం బోల్టు కన్నా ఎంతో మెత్తన, బిట్టు సందు దొరికితే మెత్తని వైపుకే జారుతుంది. ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, సెంటర్ పంచ్‌తో నడిమధ్య గుర్తు కొట్టి, వీలైతే మూతనే దారి చూపే జిగ్గుగా పెట్టి, సన్నని బిట్టుతో మొదలుపెట్టాలి. బిట్టు మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోకపోతే రంధ్రం అడుగు దాటి నీటి దారిలోకి దిగవచ్చు. ఎడమచేతి బిట్టులు ఈ పనికి తగినవి, కోస్తున్న దిశే విప్పే దిశ కనుక కొన్నిసార్లు రంధ్రం పూర్తి కాకముందే ముక్క తనంతట తాను బయటికి తిరుగుతుంది. రంధ్రంలో దిగ్గొట్టి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్లను మాత్రం చిన్న బోల్టుల దగ్గర వాడకపోవడమే క్షేమం. పూర్తి తల ఉన్నప్పుడు కదలని బోల్టు, దాని కన్నా సన్నని పెళుసు ఉక్కు ముక్కకు కదులుతుందని ఆశించడంలో తర్కం లేదు. అది లోపల విరిగితే మామూలు బిట్టుకు లొంగదు, ఆ తరువాత మిగిలేది కార్బైడు బిట్టు, లేదా నిప్పురవ్వలతో లోహాన్ని తినే యంత్రం ఉన్న పెద్ద వర్క్‌షాపు.

పటిక సంగతి ఇక్కడ చెప్పుకోదగ్గది. వేడి పటిక నీరు మామూలు కార్బన్ ఉక్కును నెమ్మదిగా కరిగిస్తుంది, అల్యూమినియాన్ని అంతగా ముట్టుకోదు. గడియారాల పనివాళ్లు, లేత్ షాపుల వాళ్లు విరిగిన చిన్న ఉక్కు ముక్కలు తీయడానికి దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. స్టెయిన్‌లెస్ బోల్టు మీద మాత్రం ఇది పనిచేయదు. విరిగినది గతంలో ఎవరో వేసిన మామూలు ఇనుప బోల్టు అయితే, భాగాన్ని విడిగా తీసి ముంచే వీలు ఉంటే, ఓపిక ఉంటే పటిక పనికొస్తుంది. ఏ లోహమో తెలుసుకోవడానికి అయస్కాంతం చాలు, స్టెయిన్‌లెస్ దానికి అంటదు, అంటినా బలహీనంగా అంటుతుంది.

ముక్క వచ్చాక రంధ్రంలోని మరలను, మరలు కోసే పనిముట్టయిన ట్యాప్‌తో శుభ్రం చేయడానికి ముందు అవి ఏ కొలతవో తేల్చుకోవాలి. జపాను మోటార్లవి మిల్లీమీటరు మరలు, పాత అమెరికా మోటార్లవి అంగుళం మరలు. పావు అంగుళం బోల్టు 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 మరలు, అంటే మర మరకూ 1.27 మిల్లీమీటర్ల దూరం. 6 మిల్లీమీటర్ల బోల్టుకు ఆ దూరం 1 మిల్లీమీటరు. కంటికి రెండూ ఒకటే, కాని ఒకదాని రంధ్రంలో మరొకదాని ట్యాపు దింపితే రెండు చుట్లకే మిగిలిన మరలూ పోతాయి. మరలు అప్పటికే పిండిగా పోయి ఉంటే రంధ్రాన్ని పెద్దది చేసి స్టెయిన్‌లెస్ తీగ చుట్ట అయిన హెలికాయిల్ గాని, గట్టి బుష్ గాని వేయాలి. సరిగా వేసిన హెలికాయిల్ అసలు మరల కన్నా బలంగా నిలుస్తుంది. అదీ అల్యూమినియంలో కూర్చున్న స్టెయిన్‌లెస్సే కనుక వేసేటప్పుడు దాని వెలుపలి మరలకు కూడా రక్షణ పూత అవసరం, పాత రోగం కొత్త చోట మొదలయ్యేది అక్కడే.

తిరిగి బిగించేటప్పుడు డ్యూరలాక్, టెఫ్-జెల్ వంటి, వేర్వేరు లోహాల మధ్య నీటిని నిలవనివ్వని పూతను మరలకే కాక బోల్టు ఒడలు పొడవునా, తల కింద కూడా పూయాలి. రాగి పొడి కలిపిన పూతలు ఇంజన్ల దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి, అల్యూమినియం పక్కన రాగిని పెట్టడం స్టెయిన్‌లెస్‌ను పెట్టినంత చెడ్డది కనుక వాటిని దూరం పెట్టాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో గ్రీజు నింపి బోల్టు దింపితే తప్పించుకునే దారి లేని గ్రీజు పోతను పగలగొట్టవచ్చు, పూత పలుచగా ఉండాలి. పొడి మరలకు చెప్పిన బిగింపు కొలతను నూనె పూసిన మరలకు యథాతథంగా వాడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది, అందుకే కొలత కొంత తగ్గించాలి. ఏడాదికోసారి ఇంపెల్లరు చూడటానికి విప్పి, తుడిచి, మళ్లీ పూసి బిగించే గేరుపెట్టె బోల్టులు పట్టేయడం అరుదు. గేరుపెట్టె మీది జింకు ఆనోడు (పోతకు బదులు తాను అరిగిపోవడానికి పెట్టిన లోహపు ముక్క) సగం అరిగితే మార్చాలి, లేకపోతే దాని వంతు నష్టం పోత మీద పడుతుంది. ఆనోడు కూర్చునే చోట మాత్రం ఈ పూతలూ గ్రీజూ రంగూ ఏవీ ఉండకూడదు, అక్కడ లోహం లోహాన్ని నేరుగా తాకాలి. రంగు వేసిన ఆనోడు మోటారు మీద ఉన్నా లేనట్లే.